స్తంభం పక్క రెండు సీట్లు

సినిమాహాలు వెనక వీధి,
హాలు మూసిన పదో రోజు

వదినా,

నీ కంటి ఆపరేషను బాగా అయిందని మీ అల్లుడు ఫోనులో చెప్పాడు. సంతోషం. కన్ను సంగతి అయింది కాబట్టి ఇక నా సంగతి విను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోనులో నువ్వు ఆఁ ఆఁ అంటూనే నిద్రపోతావు. కాగితం అయితే చేత్తో పట్టుకోవాలి గనక మేలుకుని ఉంటావు.

ఇదంతా నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది. కోర్టులో సాక్షులు చెప్పింది చెప్పినట్టు ఎక్కించే ఉద్యోగం కదా దానిది. ఎండాకాలమని కోర్టుకు సెలవులిచ్చారు, హాలేమో మూశారు. ఇద్దరం ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం. దాని మొహంలో చూడ్డానికేముంది? ఇది రాయకమ్మాయ్. రాసేశావా? కొట్టెయ్. కొట్టెయ్యదట. ఒకసారి కాగితం ఎక్కిన మాటని దించకూడదట, వాళ్ళ ఆఫీసు పద్ధతి. సరే, ఉండనీ.

హాలుకు కొత్త కుర్చీలు వేసి పైకప్పు మారుస్తారట. రెండు నెలలు ఆట లేదు. నలభై ఏళ్ళుగా సాయంత్రం ఆరింటికి మనిద్దరం ఎక్కడుంటామో ఈ వీధిలో పిల్లిక్కూడా తెలుసు. ఇప్పుడు ఆరయ్యేసరికి నా కాళ్ళు వాటంతటవే చెప్పుల్లో దూరుతున్నాయి. వాటిని వరండా దాకా తీసుకెళ్ళి, కాసేపు నిలబెట్టి, వెనక్కి తెస్తున్నాను. ఏడుంబావుకి విశ్రాంతి అనుకుని లేచి గుప్పెడు వేరుశనక్కాయలు తెచ్చుకుంటున్నాను. మా అబ్బాయి టీవీలో వార్తలు పెట్టుకుని నోరు తెరిచి నిద్రపోతాడు. ఆ వార్తలకి ఒక పాట లేదు, ఫైటు లేదు, ముగింపు లేదు. టీవీ కట్టేశాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటోందంటే నిన్న ఫ్రిజ్జు చప్పుడు ఆగితే ఉలిక్కిపడ్డాను.

మేనేజరు గేటు దగ్గర కనపడ్డాడు. "తెరిచే రోజుకి స్తంభం పక్క మీ పాత చోటే ఉంచుతానమ్మా, ఒకటా రెండా?" అన్నాడు. "ఒకటేమిటయ్యా? తెర మీద అక్షరాలొస్తే నాకు చదివిపెట్టేదెవరు, స్తంభమా?" అని కేకలేశాను. రెండని రాసుకున్నాడు. కాబట్టి కన్ను మానగానే బయల్దేరు.

అందాకా కోడలు టీవీకి ఏదో తీగ తగిలించి మన పాత సినిమాలు తెప్పిస్తానంటోంది. చూడాలి దాని గొప్ప.

నీ మరదలు


అమ్మాయి ఇల్లు, మందుల షాపు పైన,
ఆపరేషనయి రెండు వారాలు

మరదలికి,

నీ ఉత్తరం అందింది. నా చేత్తోనే నిదానంగా రాస్తున్నాను. ఇక్కడ నన్ను కదలనివ్వడం లేదు. నల్లద్దాలు పెట్టి కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఎదురుగా చెప్పులు కుట్టే ఆయన, పక్కన ఇస్త్రీ ఆవిడ. వాళ్ళిద్దరూ రోజూ సాయంత్రం పోట్లాడుకుంటారు. నేల టిక్కెట్టులో కూర్చున్నట్టే ఉంది నాకు, కాకపోతే ఇద్దరిలో దుష్టుడెవరో ఇంకా తేలలేదు. నువ్వు పక్కనుంటే మొదటి రోజే తేల్చేసేదానివి.

మీ కోడలి మొహాన్ని ఏమీ అనకు. చక్కని పిల్ల.

ఒక్కమాట. ఆ పాత సినిమాలు టీవీలో చూడకు. చిన్న తెర, కళ్ళు పాడవుతాయి. నన్ను చూస్తున్నావుగా. అయినా ఒకసారి చూసినవి మళ్ళీ చూడ్డమెందుకు? దీపం సినిమా అయితే అసలే వద్దు, ఏడుపు ఎక్కువ. సాయంత్రాలు హాయిగా నడువు.

రెండు సీట్లు ఉంచమన్నందుకు సంతోషం.

నీ వదిన


సినిమాహాలు వెనక వీధి,
హాలు మూసిన ఇరవై రెండో రోజు

వదినగారికి,

మీరు బాగున్నారని తలుస్తాను. నేను బాగా లేను.

మీరు వద్దన్నారు కదా అని నిన్న సాయంత్రం మొట్టమొదట దీపం సినిమానే పెట్టించాను. కథ మీకు గుర్తులేకపోతే చెప్తాను, రికార్డులో ఉండాలి. మొగుడు ఓడెక్కి పోతాడు. ఆ పిల్ల రోజూ కిటికీలో దీపం పెట్టి ఎదురుచూస్తుంది. ఒకరోజు ఉత్తరం వస్తుంది. ఎవరూ పైకి చదవరు, తెర నిండా అక్షరాలే. ముప్ఫై ఏళ్ళ కిందట మీరు నా చెవి దగ్గరికి వంగి ఏమని చదివారు? "శుక్రవారం వస్తున్నాను, దీపం ఆర్పకు" అని చదివారు. ఆ పిల్ల మెట్ల మీద కూలబడి ఏడుస్తుంటే, పాపం సంతోషం పట్టలేక ఏడుస్తోంది అనుకున్నాను.

నిన్న కోడలు బొమ్మ ఆపి చదివింది. "నేనిక్కడ మరొకామెను పెళ్ళి చేసుకున్నాను. నా కోసం చూడకు" అని ఉందట! మూడుసార్లు చదివించాను. మూడుసార్లూ పెళ్ళే చేసుకున్నాడు వాడు.

ఆ తర్వాత ఆ పిల్ల డాక్టరుని చేసుకుంటుందా, అప్పుడు హాల్లో లేచి నిలబడి "శుక్రవారం వస్తానన్నాడు కదే సిగ్గులేనిదానా!" అని అరిచింది ఎవరు? నేను. జనమంతా వెనక్కి తిరిగి చూసింది ఎవర్ని? నన్ను. ఆ పిల్ల మంచిదేనని వాదించాడని ఐసు బండాయనతో ఏడాది మాట్లాడకుండా ఉన్నది ఎవరు? వేరే చెప్పాలా? ముప్ఫై ఏళ్ళుగా ఒక నిరపరాధిని తిడుతున్నాను నేను, మీ మూలాన.

సమాధానం చెప్పండి. వేరుశనక్కాయలు కూడా సహించడం లేదు.

ఇట్లు,
(అత్తయ్య వేలిముద్ర వేస్తానని పట్టుబట్టారు. వేశారు.)


అమ్మాయి ఇల్లు,
ఆపరేషనయి నెల కావస్తోంది

మరదలా,

ఆ గారు ఏమిటి, ఆ మీరు ఏమిటి? 

స్తంభం అడ్డమొచ్చి ఉంటుంది. లేదా ముందు మనిషి తల. ఆ రోజుల్లో తెర మీద చిరుగు కూడా ఉండేది, గుర్తుందా, సరిగ్గా మధ్యలో. పైగా నా కన్ను. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనపడేవి. పెళ్ళి అన్నది శుక్రవారంలా కనపడి ఉంటుంది.

ఇక్కడ ఇస్త్రీ ఆవిడ కూతురికి ఉద్యోగం వచ్చిందని చెప్పులాయనకి కూడా మిఠాయి పెట్టింది. పోట్లాట ఆగిపోయింది. సాయంత్రాలు గడవడం లేదు. జాగ్రత్తగా ఉండు.

నీ వదిన


సినిమాహాలు వెనక వీధి,
హాలు మూసిన ముప్ఫై ఆరో రోజు

వదినగారికి,

మీ సాకులు అందాయి. ఒక్కొక్కటీ తీసుకుంటాను.

కన్ను మసకేసింది మూడేళ్ళ కిందట. సినిమా చూసింది ముప్ఫై ఏళ్ళ కిందట. మీ కన్ను ముందుచూపుతో మసకేసిందా? చిరుగు తెరకి ఎడమవైపు ఉండేది. ముందు మనిషి తల మీకు అడ్డమొస్తే నేను ఊరుకుంటానా? ఆ తల ఉండేదా అసలు?

రెండో నేరం. తోట బంగళా సినిమా. చనిపోయిన జమీందారు జేబులో చీటీ. మీరు చదివింది: "నా సర్వస్వం నా తమ్ముడికే." చీటీలో ఉన్నది: "నన్ను చంపింది నా తమ్ముడే." అలాంటి తమ్ముడిని పోలీసులు పట్టుకుపోతే అన్యాయం అన్యాయం అని గుండెలు బాదుకున్నాను. అప్పటినుంచి మన సందు చివర పోలీసాయన నమస్కారం పెడితే మొహం తిప్పుకున్నాను. ఆయన రిటైరయ్యాడు, పోయాడు కూడా. ఇప్పుడు నేనెవరికి తిరిగి నమస్కారం పెట్టను?

ఈ నెలలో తొమ్మిది సినిమాలు చూశాను. తొమ్మిదింట్లోనూ చీటీలు, బోర్డులు, ఉత్తరాలు అన్నీ ఉల్టా. ఒక్కటి కూడా పొరపాటున సరిగా చదవలేదు మీరు.

మూడోది. మీ ఉత్తరాలు మీ చేత్తో రాసినవి కావట. కోడలు చెప్తోంది, ఇవి మందుల చీటీలు రాసే చెయ్యి అని. కిందటి దాంట్లో సంతకం పక్కన "భోజనం తర్వాత" అని రాసి కొట్టేసి ఉందట. మందుల షాపులో కూర్చునే మీ అల్లుడి చేతికి అలవాటయిపోయి ఉంటుంది.

అందుకని ఇప్పుడు అసలు మాటకొస్తున్నాను. అమ్మాయ్, ఇది జాగ్రత్తగా రాయి.

నా ఒళ్ళో బిస్కెట్ల డబ్బా ఉంది. దాంట్లో మీ తమ్ముడు రాసిన ఇరవై ఏడు ఉత్తరాలున్నాయి. రోడ్లు వేసేచోట రోలరు నడుపుతూ నెలల తరబడి ఎక్కడెక్కడో ఉండేవాడు. నాకు చదువు లేదు. మీరు ఐదో తరగతి చదివారని అందరూ అనేవారు. ప్రతి ఉత్తరమూ నాకు మీరే చదివారు. "నీ నవ్వు గుర్తొస్తే రోలరు ఆపి కాసేపు కూర్చుంటున్నాను" అని మొదటి దాంట్లో ఉంది. ఆయన పోయి పన్నెండేళ్ళయినా ఆ మాట నాకు తారీఖుతో సహా గుర్తుంది. మనిషి ఇంట్లో ఉన్నప్పుడు నోరు విప్పేవాడు కాదు, కాగితం మీదయినా విప్పాడు కదా అని ఆ డబ్బా పట్టుకుని బతికాను.

ఇప్పుడు చెప్పండి. మీకు చదువొచ్చా, రాదా?

కోడలు డబ్బా తీసి చదవనా అంటోంది. వద్దన్నాను. ముందు మీ నోటితో వినాలి. మేనేజరు నిన్న మళ్ళీ అడిగాడు. ఒకటి చాలన్నాను.

(వేలిముద్ర.)


అమ్మాయి ఇల్లు,
ఆపరేషనయి నెలా పది రోజులు

మరదలా,

ఇది మా అల్లుడు రాస్తున్నాడు, నేను చెప్తుంటే. ముందువి కూడా అతనే రాశాడు.

నాకు చదువు రాదు.

మా నాన్న నా సంబంధం కుదిరేటప్పుడు ఐదో తరగతి అని చెప్పేశాడు. అత్తవారింట్లో రోజూ పొద్దున్నే పేపరు నా చేతికిచ్చేవారు. ఎంతసేపటికి పేజీ తిప్పాలో మా మామగారిని చూసి నేర్చుకున్నాను. అంతవరకే నా చదువు.

నువ్వు మా తమ్ముడి పెళ్ళామై వచ్చిన మూడో నెలలో మొదటి ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టి, "వదినా, నువ్వు చదువుకున్నదానివటగా" అన్నావు. ఆ చూపు చూసి ఎవరు రాదనగలరు? కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయి, సాయంత్రం చదువుతానన్నాను. అప్పటికి నాకు కళ్ళద్దాలే లేవు. జాకెట్టు కొలతలని చెప్పి దర్జీ దగ్గరికి పరిగెత్తాను. ఆయన మిషను ఆపి చదివాడు. "క్షేమం. ఇక్కడ ఎండలు. రోలరు చక్రం పాడయింది. బూట్లు పంపండి. మిగతాది వచ్చాక చెప్తాను." అంతే.

దర్జీ కొట్టు నుంచి మీ గుమ్మానికి నలభై అడుగులు. నువ్వు గుమ్మంలోనే నిలబడి ఉన్నావు, జడ వేసుకుని. అలా ఉన్న నీకు బూట్లని ఎలా చెప్పను? ఆ నలభై అడుగుల్లో నవ్వు కలిపాను, రోలరు ఆపాను, పక్కన కూర్చోబెట్టాను. బూట్ల సంగతి చివర్లో చెప్పాను. పని మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టే చెప్పేదాన్ని, ఒట్టు. మిగతావి నావి. నువ్వు మూడు పేజీల తిట్లూ ముద్దులూ చెప్తే కాగితం మీద గీతలు గీసేదాన్ని. దర్జీ వేరే కాగితం మీద "అందరం క్షేమం, బూట్లు పంపాం" అని రాసి పోస్టులో వేసేవాడు.

అలా అలవాటయింది. హాల్లో అక్షరాలు రాగానే నువ్వు నా వైపు తిరిగేదానివి. చెప్పే దర్జీ అక్కడ లేడు. వాళ్ళ మొహాలు చూసి నాకు ఏది తోస్తే అది చెప్పాను. ఆ జమీందారూ తమ్ముడూ ఒకే పళ్ళెంలో తిన్నారు, చంపుతాడని నేనెలా అనుకుంటాను?

సీటు ఒకటే ఉంచమన్నావు. నీ ఇష్టం. నేనిక్కడే ఉండిపోతాను, కిటికీ ఉంది. డబ్బా మాత్రం తెరవకు. బూట్లే ఉంటాయి దాంట్లో.

వదిన


సినిమాహాలు వెనక వీధి,
హాలు మూసిన యాభై రెండో రోజు

వదినా,

డబ్బా తెరిచాను. వద్దంటే నేను ఆగుతానని నువ్వెలా అనుకున్నావు?

రెండు రోజులు నీ మీద కోపంతో తెరవలేదు. మూడోరోజు సాయంత్రం ఆరింటికి, మన ఆట వేళకి, వరండాలో కుర్చీ వేసుకుని కోడలిని చదవమన్నాను. దాని సంగతి తెలుసుగా. ఉన్నది ఉన్నట్టు, గొంతు ఎగదు, దిగదు. బూట్లు. ఎండలు. చక్రం. తారు అంటిన చొక్కా. మళ్ళీ బూట్లు. ఎన్ని బూట్లు వదినా ఆ మనిషికి! ఆరు ఉత్తరాలు విన్నాను. ఏడోది వినబుద్ధి కాలేదు. ఇంతకాలం నేను కాపురం చేసింది నువ్వు కల్పించిన మనిషితోనా, వీడెవడో బూట్లవాడితోనా అని డబ్బా మూసెయ్యబోయాను.

కోడలు నా చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, ఏడో దాంట్లో అడుగున చిన్న అక్షరాలున్నాయి. మీకు రాసింది కాదు" అంది.

"ఎవరికే?"

"దర్జీగారికి."

విను. దాని చేత ఎక్కిస్తున్నాను, ఒక్క ముక్క పోకుండా.

"దర్జీగారికి నమస్కారం. ఈ చివరిది మీకే, పైకి చదవకండి. మా అక్కకు చదువు రాదని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఉత్తరాలు మీరు చదువుతున్నారని అర్థమైంది. మీ కొట్టు దాటాక మా అక్క ఏదో కలిపి చెప్తోందని మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు తెలిసింది. కలపనివ్వండి. నాకు అలా రాయడం రాదు."

ఎలా తెలిసిందో నేను చెప్తాను. ఆయన మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు నేనే అడిగాను. "పని మధ్యలో రోలరు ఆపి నా నవ్వు తలుచుకుంటూ కూర్చుంటే పైవాళ్ళు ఊరుకుంటారా?" అన్నాను. తెల్లమొహం వేశాడు. నా మొహం చూశాడు. గోడవైపు చూశాడు. "ఊరుకోరు. అయినా ఆపుతాను" అన్నాడు. ఆ సాయంత్రమే మనిద్దర్నీ మొదటిసారి హాలుకు తీసుకెళ్ళాడు. గుర్తుందా? నువ్వు తెర మీదవి చదువుతుంటే అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వేవాడు. సినిమా అంత బాగుందా అనుకునేదాన్ని.

ఇక అక్కడినుంచి ఇరవయ్యేడో దాని దాకా ప్రతి ఉత్తరం అడుగునా ఒక్కటే ముక్క: "దర్జీగారికి నమస్కారం. ఎప్పటిలాగే." ఆ దర్జీ పోయేదాకా నోరు విప్పలేదు. చూశావా, మన ఇంట్లో రాసింది రాసినట్టు చదివిన మనిషి ఒక్కరూ లేరు. మా కోడలు తప్ప.

అదైనా నిన్న చదవలేక రెండుసార్లు ఆగింది. హత్య కేసుల్లో కూడా పెన్ను ఆపని మనిషి. ఏమ్మా, కళ్ళు తుడుచుకుంటావా, రాస్తావా? ఇది కూడా ఎక్కించింది చూడు.

కేసు కొట్టేశాను. కానీ శిక్ష ఉంది. ఈ ఇరవై ఏడూ నువ్వు నాకు మళ్ళీ చదవాలి, అప్పుడు చదివినట్టే. బూట్లు చివర్లో. కావాలంటే దర్జీ కొట్టు ఉన్న చోట నిలబడి మొదలెట్టు, నలభై అడుగులు నడుచుకుంటూ రా, నేను గుమ్మంలో ఉంటాను. జడ మాత్రం అడక్కు, నాలుగు వెంట్రుకలున్నాయి.

పొద్దున మేనేజరు ఇంటికే వెళ్ళి తలుపు కొట్టాను. "ఒకటన్నారు కదమ్మా" అని నసిగాడు. "నేనేమంటే అది రాసుకుంటావా? బుద్ధుండక్కర్లా?" అన్నాను. రెండు చేయించి వచ్చాను. వచ్చే శనివారం తెరుస్తున్నారు. కోడలు నాతో వస్తానంది, తెర మీద ఉన్నది ఉన్నట్టు చదువుతుందట. అలాంటి మనిషిని పక్కన పెట్టుకుని సినిమా ఎలా చూస్తారు వదినా?

నీ మరదలు


అమ్మాయి ఇల్లు,
పెట్టె సర్దుకుంటూ

మరదలా,

శుక్రవారం వస్తున్నాను. దీపం ఆర్పకు.

నీ వదిన

(అత్తయ్యగారు చెప్పింది ఇంతే. మిగతాది వచ్చాక చెప్తారట. చుక్కల మందు రోజుకి మూడుసార్లు, మరిచిపోనివ్వకండి. అల్లుడు.)